మల్కు చెవి, మా ఆయన బొటనవేలు

మా పాస్టరు గారు కుర్రవాడు. అందుకని ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల కాలం మొదలయ్యే ప్రతిసారీ ఆయనకు ఒక కొత్త ఆలోచన వస్తుంది. పోయినేడు ఈస్టర్ దాకా అందరూ కోపం మానేయాలన్నారు. మొదటి వారం తిరక్కుండానే సంఘంలో సగంమంది ఆయన ఇంటిముందు నిలబడ్డారు, ఫలానావాళ్ళు కోపం మానలేదని ఫిర్యాదు చేయడానికి. ఈ ఏడు సిలువ కథలో పక్కపక్కన కనబడే చిన్న చిన్న మనుషుల పేర్లన్నీ చీటీల మీద రాసి, గాజు గిన్నెలో వేసి, ఆరాధన అయ్యాక వరసగా అందరి ముందుకూ తిప్పారు. ఎవరి చీటీలో ఎవరుంటే ఆ మనిషిని ఈస్టర్ దాకా ధ్యానించాలి. గుడ్ ఫ్రైడే సాయంత్రం లేచి, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు నాలుగు మాటలు చెప్పాలి.

"పెద్దవాళ్ళ గురించి ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. ఈసారి పక్కన నిలబడ్డవాళ్ళ కళ్ళతో చూద్దాం," అన్నారు పాస్టరు గారు.

వినడానికి బాగానే ఉంది. చీటీలు విప్పాక మొదలైంది అసలు గొడవ. రిటైరైన పోలీసాయనకు సిలువమీద ఎడమవైపు దొంగ వచ్చాడు. చివరిదాకా మారనివాడు. "కనీసం కుడివైపు దొంగనైనా ఇప్పించండి, వాడు పశ్చాత్తాపపడ్డాడు కదా," అని ఆయన బతిమాలుకున్నాడు. రాత్రి కాపలా వాచ్‌మన్‌కు యేసు మెలకువగా ఉండమన్నా తోటలో నిద్రపోయిన శిష్యుడు వచ్చాడు. అందరూ నవ్వితే, తాను డ్యూటీలో ఏనాడూ కన్ను మూయలేదని పాపం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మనుషులు చాలక పాస్టరు గారు శిష్యుడైన పేతురు యేసును ఎరగనన్నప్పుడు కూసిన కోడిపుంజును కూడా గిన్నెలో వేశారట. అది కళ్ళజోళ్ళ షాపాయన చేతిలో పడింది. ఆయన మహా గంభీరమైన మనిషి. చీటీ దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎన్నిసార్లు చూసినా కోడే.

నాకు పిలాతు భార్య వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. యేసును విచారించిన అధికారి పిలాతు. విచారణ జరుగుతుండగా భార్య అతనికి కబురు పంపింది, ఆ మంచిమనిషి జోలికి పోవద్దు, కలలో ఆయన వల్ల నేను చాలా బాధపడ్డాను అని. పిలాతు విన్నాడా? వినలేదు. గ్రంథం మొత్తం మీద ఆవిడకున్నది ఆ ఒక్క మాటే. దీనికోసం ఇన్ని వారాలు ధ్యానం ఎందుకో నాకర్థం కాలేదు. పెళ్ళయిన మర్నాటినుంచీ నేను చేస్తున్నది ఆవిడ ధ్యానమే.

మా ఆయనకు మల్కు వచ్చాడు. యేసును పట్టుకోవడానికి తోటలోకి వెళ్ళిన గుంపులో ప్రధాన యాజకుడి, అంటే పెద్ద పూజారి, పనివాడొకడున్నాడు, అతనే మల్కు. పేతురు ఆవేశం పట్టలేక కత్తి దూసి అతని కుడిచెవి నరికేశాడు. యేసు ఆ చెవిని ముట్టి బాగుచేశాడు. అంతే కథ. అందులో బాగుచేసిన ముక్క ఆ రోజు మా ఆయన బుర్రకెక్కలేదు. నరికిన ముక్క మాత్రం బాగా ఎక్కింది.

"చూశావా, దేవుడు అన్నీ గమనిస్తూనే ఉంటాడు," అన్నాడు ఇంటికి వచ్చే దారిలో. అంటూ కుడిచేతి బొటనవేలు నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు.

ఇక ఆ వేలి సంగతి చెప్పక తప్పదు. మా ఆయన దర్జీ. ఆయన తమ్ముడూ దర్జీయే. ఆ తమ్ముడి భార్య నా సొంత చెల్లెలు. అక్కాచెల్లెళ్ళం అన్నదమ్ములిద్దర్నీ చేసుకున్నాం, జన్మలో ఒకరికొకరం దూరం కానక్కరలేదని మా అమ్మ మురిసిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఒకే కొట్టులో సూట్లు కుట్టేవారు. మూడేళ్ళ కిందట ఒక పెళ్ళికొడుకు కోటుకు చేతులు పొట్టిగా వచ్చాయి. కొలత తప్పు తీసింది నువ్వంటే నువ్వని ఇద్దరూ వాదించుకున్నారు. కొట్టు మూసేవేళకు వాదన ముదిరింది. మా మరిది కోపంతో షట్టరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. దాని కింద మా ఆయన చెయ్యి ఉంది.

వేలు చితికింది. మరిది అక్కడే భోరుమన్నాడు. అన్నను రెండు చేతులమీదా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. వేలికి దెబ్బ తగిలిన మనిషి శుభ్రంగా నడవగలడన్న సంగతి ఆ హడావిడిలో ఇద్దరికీ తట్టలేదు. కుట్లు పడ్డాయి. "క్షమించు అన్నయ్యా," అని మరిది కాళ్ళు పట్టుకున్నాడు. "సరేలే," అన్నాడు మా ఆయన. ఆ "సరేలే" నోటివరకే వచ్చింది, లోపలికి దిగలేదు.

వేలు మాత్రం మానింది. వెతికినా గీత కనబడదు. దాంతో సూదిలో దారం ఎక్కిస్తాడు, నారింజ తొక్క వలుస్తాడు, వీపు గోక్కుంటాడు. కానీ తమ్ముడు కనుచూపు మేరలో ఉంటే చాలు, ఆ వేలు కర్రలా బిగుసుకుపోతుంది. గ్లాసు పట్టుకోలేడు, తలుపు గడియ తీయలేడు. ఎవరైనా జాలిపడి ఏమైందని అడిగితే, "ఏం లేదులెండి," అని ఒక నిట్టూర్పు విడుస్తాడు. అది తమ్ముడికి వినబడేంత పెద్దదిగా ఉంటుంది. నొప్పి పోయాక కూడా కోపాన్ని ఇన్నేళ్ళు సాకాలంటే మనిషికి చాలా ఓపిక కావాలి. ఇంట్లో కారే పంపు బాగుచేయించడానికి లేని ఓపిక దీనికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

కొట్టు మధ్యలో ప్లైవుడ్ అడ్డం లేచింది. షట్టర్లు రెండయ్యాయి. ఇటు కోట్లు, అటు ప్యాంట్లు. సూటు కావలసినవాడు రెండు కొట్లూ ఎక్కి దిగాలి. పైన ఒక నీలం, కింద ఇంకో నీలం వేసుకుని మా ఊళ్ళో ఎంతమంది పెళ్ళికొడుకులు ఫోటోలు దిగారో లెక్కలేదు. అన్నదమ్ముల మాటలన్నీ కస్టమర్ల ద్వారానే. "ఆ ప్యాంట్లవాడితో చెప్పండి, గుడ్డ ఇంకాస్త ముదురు రంగు తీసుకోమని," అంటాడు మా ఆయన. ప్లైవుడ్ అవతల రెండడుగుల దూరంలో ప్యాంట్లవాడు అంతా వింటూనే ఉంటాడు.

మధ్యలో నలిగింది మేమిద్దరం. మాట్లాడుకోవద్దని ఎవరూ అనలేదు. కానీ చెల్లెలు మా గడప తొక్కితే ఆ వేలు అన్నం కలపదు. పెళ్ళయిందగ్గర్నుంచీ ఈస్టర్ భోజనం రెండిళ్ళవాళ్ళం మా ఇంట్లోనే చేసేవాళ్ళం, అదీ ఆగిపోయింది. ఇక చేసేదేముంది, మందుల షాపులో కలుసుకోవడం మొదలుపెట్టాం. నేను తలనొప్పి మాత్ర అడుగుతాను, అదీ తలనొప్పి మాత్రే అడుగుతుంది. "మీ ఇద్దరికీ ఒకే టైముకి వస్తుందేమిటమ్మా తలనొప్పి?" అని షాపాయన అడిగితే, "ఇద్దరిదీ ఒకే కుటుంబం కదండీ," అంది మా చెల్లెలు.

చీటీలు తీసిన వారంలోనే, ఆ మందుల షాపులో, అది అసలు మాట చెప్పింది.

"అక్కా, మేం వెళ్ళిపోతున్నాం. వేరే ఊళ్ళో కొట్టు ఖాయం చేసుకున్నారు. ఈస్టర్ అయ్యాక మంగళవారం సామాన్లు ఎక్కిస్తాం."

"ఎందుకే? ఇక్కడ గిరాకీ లేకనా?"

"గిరాకీకేం, బోలెడుంది. రోజూ ఆ వేలు చూడలేకపోతున్నారక్కా. కోపం కాదు. చూడలేకపోతున్నారు, అంతే."

మనుషులు ఊళ్ళు మారతారు, దానికి ఏడవను. కానీ ఇలా తల వంచుకుని వెళ్ళినవాళ్ళు పండక్కీ రారు, పబ్బానికీ రారు. ఈ ఈస్టర్‌కి నా చెల్లెలు నా బల్ల దగ్గర కూర్చుని తిని, కడుపునిండా నాతో పోట్లాడి, అప్పుడు వెళ్ళాలి. అంతకు మించి నాకేమీ అక్కరలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సంగతి చెబితే మా ఆయన, "వెళ్ళనీ," అన్నాడు. తర్వాత చాలాసేపు ఖాళీ కప్పు తాగుతూ కూర్చున్నాడు.

ఆ రాత్రినుంచే ఆయన ధ్యానం జోరందుకుంది. ధ్యానమంటే కళ్ళు మూసుకుని కూర్చోవడమని నేననుకున్నాను. ఈయనది పోలీసు దర్యాప్తు. మొదట కోట్లు తొడిగే బొమ్మను కొట్టులోంచి ఇంటికి మోసుకొచ్చాడు. గుడ్డ కొలిచే చెక్క స్కేలు కత్తిలా పట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డాడు.

"చూడు. కుడిచేత్తో కత్తి పట్టుకుని ఎదుటినుంచి కొడితే ఏ చెవి తెగాలి? ఎడమది. మల్కుకు తెగింది కుడిది. అంటే ఏమిటి?"

"పేతురుది ఎడమచేతి వాటమేమో," అన్నాను కూర తరుగుతూ.

"కాదు. వెనకనుంచి కొట్టాడు!" అని బొమ్మ వెనక్కి వెళ్ళి స్కేలుతో ఒక్కటిచ్చాడు. బొమ్మకు తల ఉండదు, మెడ దాకే ఉంటుంది. స్కేలు గాల్లో తిరిగి అలమారలో గ్లాసును పగలగొట్టింది.

తర్వాత సాక్షుల వంతు వచ్చింది. యేసు కథ, అదే సువార్త, నలుగురు రాశారు కదా, నలుగుర్నీ పక్కపక్కన తెరిచి పెట్టుకున్నాడు.

"నలుగురూ చెవి తెగిందన్నారు. బాగైందని రాసింది మాత్రం ఒక్కడు. మిగతా ముగ్గురూ ఆ ఊసే ఎత్తలేదు. మెజారిటీ ఎటుందో నువ్వే చెప్పు."

"ఆ రాసినాయన వైద్యుడు కదండీ. వైద్యుడికి తెలియదా?"

"నేననేదీ అదే. వైద్యులు అలాగే రాస్తారు. నన్ను ఆస్పత్రినుంచి పంపేటప్పుడు కూడా 'పూర్తిగా నయమైంది' అని రాసి చేతిలో పెట్టలేదూ?"

ఇక లాభం లేదని ఆదివారం పాస్టరు గారినే పట్టుకున్నాడు. మల్కు చెవిమీద చిన్న మచ్చయినా మిగిలిందా అని అడిగాడు. గ్రంథంలో అలా లేదండీ అన్నారాయన. మిగల్లేదని కూడా లేదు కదా అన్నాడు మా ఆయన. పాస్టరు గారు నవ్వు ఆపుకోవడానికి కాసేపు దగ్గి, "మీరు తోట దగ్గరే ఆగిపోయారు. ఇంకాస్త ముందుకు చదవండి. ఆ రాత్రే ఇంకోచోట మల్కు ఊసు వస్తుంది," అన్నారు. మా ఆయనకు కావలసింది మచ్చ. ముందుకు చదవమంటే ఆయనకు పెద్దగా ఎక్కలేదు.

ప్రసంగం పేజీలు పేజీలు రాశాడు. రోజూ భోజనాలయ్యాక నాకు చదివి వినిపించేవాడు. చెవి తెగిన బాధ రెండు పేజీలు, నెత్తురు ఒక పేజీ, కొట్టినవాడి కఠిన హృదయం మూడు పేజీలు. వినీ వినీ నా బుర్ర వాచిపోయింది. ఒకరోజు, మల్కు ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకునే ఘట్టం ఉంది, నువ్వు ఆ భార్యవు అవ్వు అన్నాడు.

"నాకు పిలాతు పెళ్ళాం ఒకత్తి చాలదా?"

"రెండు నిమిషాలు ఈవిడవి కూడా అవ్వు. నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. అయ్యో అంటూ ఉండు, చాలు."

బయటికి వెళ్ళి తలుపు కొట్టాడు. తీశాను. కుడిచెవి అరచేత్తో మూసుకుని తూలుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమే! నా చెవి నరికేశారే!"

"అయ్యో! ఏ చెవి?"

"కుడిది."

చెయ్యి పక్కకు తీసి చూశాను. "ఉంది కదండీ."

"అతికించారు."

"ఎవరు?"

"మేం పట్టుకోవడానికి వెళ్ళామే, ఆయనే."

"మీరేమో ఆయన్ని పట్టుకోవడానికి వెళ్ళారు. ఆయనేమో మీ చెవి అతికించాడు. అప్పుడు మీరేం చేశారు, వదిలేశారా?"

"పట్టుకున్నాం," అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఆలోచించి అడిగింది కాదు, నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక నాకూ ఏదోలా అయింది. ఇద్దరం గుమ్మంలో నిలబడిపోయాం.

"అయ్యో అనమని కదా చెప్పాను," అన్నాడు చివరికి.

"అన్నానుగా, మొదట్లో."

"మధ్యమధ్యలో కూడా అనాలి."

"దేనికి అనాలి? చెవి ఉంది. వినబడుతోంది. గీత కూడా లేదు. ఇప్పుడు మీ బాధేమిటో చెప్పండి, దానికి అంటాను."

"నీతో ప్రాక్టీసు చేయడం నాదే బుద్ధితక్కువ," అని పేజీలన్నీ పోగుచేసుకుని వెళ్ళి పడుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను, కానీ గెలిచిన సంతోషం రాలేదు. మందుల షాపులో చెల్లెలు అట్టపెట్టెలు కావాలని అడుగుతోంది ఆ రోజుల్లో.

తర్వాత ఇంట్లో ప్రసంగాలు ఆగిపోయాయి. చదవడం మాత్రం ఆగలేదు. పాస్టరు గారు చెప్పిన తరవాయి భాగం చదువుతున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు సాయంత్రం నేను ఫ్లాస్కుతో టీ తీసుకుని కొట్టుకు వెళ్ళాను. పక్క కొట్టు మూసేవేళయింది. మా చెల్లెలు ఎప్పటిలాగే ఇంటినుంచి వచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని షట్టరు లాగింది. మా మరిది నాలుగడుగుల అవతల చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా మా ఆయన, "రాజుగారు చూశావా, పెళ్ళాం చేత చాకిరీ," అనేవాడు. ఆ రోజు అనలేదు.

"మీ చెల్లెలెందుకు లాగుతుంది షట్టరు?" అన్నాడు మెల్లగా.

"అదే లాగుతోంది మూడేళ్ళుగా. పొద్దున తీసేది కూడా అదే. ఆ గొడవ జరిగాక మరిది షట్టరు ముట్టుకోలేదు. చెయ్యి వేస్తే వణుకుతుందట."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ ముందు అతని పేరెత్తితే మీ వేలు ఊరుకుంటుందా?"

నాకు కోపం వచ్చింది కాబట్టి గట్టిగానే అన్నాను. ఆయన లోపలికెళ్ళి కూర్చుని ఒక కోటుకు బొత్తాం కుట్టడం మొదలుపెట్టాడు. ఆ కోటుకు బొత్తాలన్నీ అప్పటికే ఉన్నాయి. ఇంకోటి ఎక్కడ కుడుతున్నాడో ఆయనకూ తెలిసినట్టు లేదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మా సంఘంలో ఆ సాయంత్రం ఒక నియమం ఉంది. చివరి ప్రార్థన అయ్యాక ఎవరూ నోరు విప్పకూడదు. మౌనంగా లేచి, మౌనంగా గేటు దాటాలి. మళ్ళీ ఈస్టర్ ఉదయమే గుడి ఆవరణలో మాట వినబడాలి. ఉపవాసాలు ఉండగలిగినవాళ్ళు కూడా ఈ ఒక్కదానికి గిలగిల కొట్టుకుంటారు. నేనూ మా ఆయనా ముందు వరసలో కూర్చున్నాం. మరిదీ చెల్లెలూ అలవాటు ప్రకారం చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు.

ముందుగా వాచ్‌మన్‌ను పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. డ్యూటీనుంచి నేరుగా వచ్చాడేమో, గోడకానుకుని గాఢనిద్రలో ఉన్నాడు. భార్య మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి, అటూ ఇటూ చూసి, "ఆ రాత్రి కూడా ఇలాగే జరిగిందండీ," అని కూర్చున్నాడు. అంత చిన్న ప్రసంగం, అంత మంచి ప్రసంగం మా గుడిలో నేనింతవరకు వినలేదు. పోలీసాయన లేచి, "పక్కవాడు నన్ను గుర్తుంచుకోమని ఒక్క మాట అడిగాడు, వాడికి పరలోకం దొరికింది. నాకూ నోరుంది. నేను అడగలేదు," అని కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ షాపాయన, తాను కూసింది ఎవరినీ నిందించడానికి కాదనీ తెల్లవారితే కూయడం తన పని అనీ చాలా మర్యాదగా వివరించాడు. అంతా అయిపోయిందనుకుంటే, మనస్సాక్షి ఒప్పుకోలేదేమో, చివర్లో సన్నగా ఒక్కసారి కూశాడు. ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

నా వంతు వచ్చింది. "నేను చెప్పాను. ఇంటికొచ్చేదాకా ఆగకుండా కబురు కూడా పంపాను. ఆయన వినలేదు. విననివాడు తర్వాత నీళ్ళు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. ఆ నీళ్ళు తెచ్చిందెవరో, ఆ పళ్ళెం తోమిందెవరో ఎవరూ రాయలేదు," అన్నాను. వెనకనుంచి ఆడవాళ్ళ గొంతులతో ఆమేన్ అని పెద్దగా వినబడింది. మా ఆయన అటు చూడలేదు. ఆయన ఒళ్ళో పేజీలు లేవు. అప్పుడు గమనించాను నేను, ఆయన ఖాళీ చేతులతో వచ్చాడు.

లేచి ముందుకు వెళ్ళాడు. ఇప్పుడు ఆ వేలెత్తి అందరిముందూ తమ్ముణ్ణి చూపిస్తే, మంగళవారం దాకా కూడా ఆగరు వాళ్ళు.

"నా పేరు మల్కు," అన్నాడు. "నా చెవి తెగింది. నలుగురూ రాశారు. బాగైంది, ఒక్కరే రాశారు. కానీ బాగైంది. నా చెవి కదా, నాకు తెలియదా?"

కుడిచెవి ఒకసారి తడుముకున్నాడు. "నేను ఇంటికెళ్ళి నా భార్యతో నేరాలు చెప్పుకున్నాను. ఆవిడ అయ్యో అనలేదు."

అందరి తలలూ నావైపు తిరిగాయి. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

"నేను ఇంట్లో కూర్చుని చెవి తడుముకుంటున్నానా, అక్కడ యాజకుడి లోగిట్లో పేతురు మంట దగ్గర నిలబడి చలి కాచుకుంటున్నాడు. మా చుట్టం ఒకడు అక్కడే ఉన్నాడు. నా చుట్టమే అని గ్రంథంలో స్పష్టంగా ఉంది. వాడు పేతురు మొహంలోకి చూసి, నిన్ను తోటలో చూశాను కదూ అన్నాడు. పేతురు, కాదు, నేను కాదు అన్నాడు. అప్పుడు కోడి కూసింది."

కళ్ళజోళ్ళ షాపాయన తల వంచుకున్నాడు.

"పేతురు పిరికివాడని మనం అంటాం. నేనూ అన్నాను. కానీ అడిగింది ఎవరు? నా మనిషి. పేతురు దేనికి భయపడ్డాడు? నా చెవికి. నా చెవి నాకు ఎప్పుడో వచ్చేసింది. ఆ దెబ్బ మాత్రం అతని చేతిలోనే ఉండిపోయింది. చెవి బాగైందన్న సంగతి అతని చేతికి ఎవరూ చెప్పలేదు."

ఆయన చూపు చివరి వరసమీద ఉంది.

"నేను వెళ్ళి ఆ మంట దగ్గర నిలబడి, ఇదిగో చూడు, బాగానే ఉంది, నువ్వు చలి కాచుకో అంటే సరిపోయేది. దగ్గరే. ఎంతో దూరం లేదు. వెళ్ళలేదు. ఎందుకంటే అతను వణుకుతుంటే నాకు బాగుంది."

అక్కడితో ఆపి, అక్కడే తల వంచుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు కాసేపు చూసి ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకున్నాను గానీ ఏమీ వినబడలేదు. నా మొగుడి మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందంటే, అంత ప్రేమ ఇంతకు ముందు వచ్చింది పెళ్ళయిన కొత్తలోనే.

ప్రార్థన ముగిసింది. మౌనంగా అందరూ లేచారు. మా ఆయన నా దగ్గరికి రాకుండా మధ్యదారిలో నేరుగా చివరి వరసకు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. మా మరిది ఎప్పటిలాగే నేలచూపులు చూస్తున్నాడు. మా ఆయన కుడిచెయ్యి చాచి, ఆ చూపుల కింద బొటనవేలు పెట్టాడు. వంచాడు. చాచాడు. మళ్ళీ వంచాడు. మాట్లాడకూడదు కదా, వేలితోనే చెబుతున్నాడు.

మరిది తలెత్తలేదు. ఆ వేలిని చూస్తూ చూస్తూ ఒక్కసారి రెండు చేతులతోనూ గుప్పిట పట్టేసి ఏడ్చేశాడు. జీవితమంతా ఇస్త్రీపెట్టె మోసిన చేతులవి. పట్టంటే మామూలు పట్టు కాదు.

"అమ్మా!" అని కేక పెట్టాడు మా ఆయన.

గుడంతా ఇటు తిరిగింది. మరిది చేతులు ఠక్కున వదిలేసి వెనక్కి తగ్గాడు. వేళ్ళు వణకడం నేను కళ్ళారా చూశాను. మా చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది. మా ఆయన వేలు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఇంతే, ఇంకేం లేదు, అయిపోయింది అనుకున్నాను.

"లేదురా," అన్నాడు మా ఆయన. నియమం గియమం మరిచిపోయి గుడంతా వినబడేలా అన్నాడు. "నొప్పి లేదు. నిజంగా లేదురా. పట్టుకో."

తన చేతిని తనే తీసుకెళ్ళి మళ్ళీ తమ్ముడి చేతుల్లో పెట్టాడు. కళ్ళనిండా నీళ్ళు, పళ్ళు బిగబట్టి ఉన్నాడు, ప్రాణం పోయేంత నొప్పి ఉందని మొహం చూస్తే తెలుస్తోంది. పెళ్ళయిందగ్గర్నుంచీ ఆయన ఆడిన అబద్ధాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. పాస్టరు గారు దూరంనుంచి ష్ అనబోయి పెదవుల దగ్గరికి వేలు తెచ్చారు. ఆ వేలితో ఏంచేయాలో తోచక కన్ను తుడుచుకున్నారు.

మా చెల్లెలు నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"సామాన్లు మంగళవారమే వెళ్తాయక్కా," అంది గుసగుసగా. "ఆదివారం భోజనానికి ఎన్నింటికి రమ్మంటావ్?"

"ఇప్పుడే రా," అన్నాను. నేను గుసగుసగా అనలేదు.